పాపను ఊరు దాటించే ముందు: చీపురుపల్లి వైపు నుంచి అడిగిన ఒక పిన్నికి సమాధానం

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకు కూడా విషయం తెలియాలి కదా. మీ అప్ప, అంటే మీ అక్క, బావగారు చెన్నైలో బిల్డింగ్ పనులకు వెళ్లారు. పదో తరగతి చదివే పాప చీపురుపల్లి దగ్గర పల్లెలో నాన్నమ్మ దగ్గర ఉంటోంది. వరసకు చిన్నాన్న అయ్యే మనిషి ఆ పాపను చాలాకాలంగా లైంగికంగా హింసించాడు. పాప మీతోనే చెప్పుకుంది, మీరే స్టేషన్‌కు తీసుకెళ్లారు, పిల్లలపై లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం కింద కేసు నమోదైంది. మీ అప్ప పని మానుకుని వచ్చేసింది. ఇప్పుడు పాప బడికి వెళ్లడం లేదు, రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. మంచి కౌన్సెలర్‌కు చూపిస్తే సరిపోతుందా, బంధువులు చెబుతున్నట్టు హైదరాబాద్‌లో హాస్టల్లో వేసేయమంటారా అని మీరు అడిగారు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటి పిల్లలతోనూ వాళ్ల ఇళ్లవాళ్లతోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కౌన్సెలర్ కావాలి, కానీ కౌన్సెలర్ ఒక్కరితో అయ్యే పని కాదు. హైదరాబాద్‌కు మాత్రం ఇప్పుడు పంపకండి.

పాప కౌన్సెలర్ దగ్గర కూర్చునేది వారానికి ఒక గంట. మిగతా రోజులన్నీ మీ ఇంట్లో, మీ వీధిలో, బళ్లో గడవాలి. ఆ గంటలో నేర్చుకున్నది నిలబడాలన్నా చెదిరిపోవాలన్నా చుట్టూ ఉన్న నలుగురి మీదే ఆధారపడి ఉంటుంది. ఈ పనిలో నాకు బాగా అర్థమైన విషయం ఇదే. పెద్ద పెద్ద డాక్టర్లకు చూపించినా ఇంట్లో ఎవరూ సూటిగా మొహం చూసి మాట్లాడక ఏళ్ల తరబడి ముడుచుకుపోయిన పిల్లలున్నారు. కౌన్సెలింగ్ అరకొరగా అందినా ఇంట్లో ఒక అమ్మమ్మ, బళ్లో ఒక టీచరు గట్టిగా నిలబడ్డందుకు తేరుకుని డిగ్రీకి వెళ్లిన పిల్లలూ ఉన్నారు.

మీరు ఇప్పటికే చేసిన మేలు ఎంత పెద్దదో మీకు తెలియకపోవచ్చు. పాప చెప్పగానే నమ్మారు. "అతను అలాంటివాడు కాదే" అన్న ఒక్క మాట చాలు, పిల్ల మళ్లీ నోరు విప్పదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను అడిగారు, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. వాళ్లలో 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పనే లేదు. మీ పాప చెప్పింది. చెప్పడానికి మనిషి దొరికింది కాబట్టి చెప్పగలిగింది.

తెలిసిన మనిషే చేసినప్పుడు పిల్లకు శరీరం ఒక్కటే కాదు, మనుషుల మీద నమ్మకం కూడా దెబ్బతింటుంది. ఆ నమ్మకం మళ్లీ మనుషుల మధ్యే కుదురుకోవాలి, మందుబిళ్లతో కుదరదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తాగుడు లాంటి కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో మూడోవంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్లందరిలో కనిపించిన ముఖ్యమైన విషయం, తమను గట్టిగా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉండటం. అది అమ్మే కానక్కర్లేదు, నాన్నమ్మ కావచ్చు, టీచరు కావచ్చు. 2012లో బ్రిటన్ పరిశోధకులు 6 నుంచి 18 ఏళ్ల లోపు పిల్లల మీద జరిగిన 64 అధ్యయనాలను కలిపి చూశారు. భయంకరమైన అనుభవం తర్వాత పిల్ల మనసు ఏమవుతుందన్నది, అంతకుముందు ఆ పిల్ల ఎలా ఉండేదన్న దానికంటే, ఆ తర్వాత ఇల్లు ఎలా ఉంది, తోడు దొరికిందా, నలుగురికీ దూరమైపోయిందా అన్న వాటితో ఎక్కువగా ముడిపడి ఉందని తేలింది. జరిగినదాన్ని మీరు మార్చలేరు. తర్వాత జరిగేది మాత్రం చాలావరకు మీ చేతుల్లో ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మీరు ఎంత చేశారన్నది కాదు, అది తోడుగా పాపకు అనిపించిందా అన్నదే లెక్క. మన ఊళ్లలో ప్రేమకు లోటు లేదు, కానీ ఆ ప్రేమ చూపించే పద్ధతే ఒక్కోసారి పిల్లను నలిపేస్తుంది. పరామర్శ సంగతే చూడండి. విషయం పొక్కగానే వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. చావు ఇంటికి వచ్చినట్టు గడప దగ్గర కూర్చుని ముక్కు చీదుతారు. "ఏటైనాదమ్మా, ఇలగైపోనాదేటమ్మా" అని పిల్ల గెడ్డం పట్టుకుంటారు. వాళ్ల మనసు మంచిదే. కానీ పాపకు వినిపించేది "నీ బతుకు అయిపోయింది" అని. మీ అప్పను గుమ్మం దగ్గరే నిలబడి చెప్పమనండి: "పాప బాగానే ఉంది, చదువుకుంటోంది, ఆ విషయం మాత్రం ఇంట్లో ఎత్తకండి." పదిమందికి చెప్పేసరికి ఊరికి అలవాటవుతుంది.

పదేపదే అడగడం కూడా అంతే. ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఎక్కడ అని మీరు కానీ మేనమామ కానీ బడి హెడ్మాస్టరు కానీ అడగాల్సిన పని లేదు. చట్టమే కోర్టుకు కూడా, పిల్లను సాక్ష్యం కోసం మాటిమాటికీ పిలవకూడదని చెబుతోంది. మనకెందుకు ఆ వివరాలు? తనంతట తాను చెబితే వినండి. మధ్యలో ఆపకండి, ఏడవకండి, "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనకండి. వినడం అయ్యాక "నీ తప్పు ఏమీ లేదు" అని చెప్పండి. ఒక్కసారి చెబితే చాలదు. తప్పు తనదే అన్న ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంది, మీరూ మళ్లీ మళ్లీ చెప్పాలి.

నాన్నమ్మ గురించి మీరు కాస్త కోపంగా రాశారు, పాప ఆవిడ కళ్లముందే ఉన్నా కనిపెట్టలేకపోయిందని. ఆవిడను పక్కన పెట్టేయకండి. గజపతినగరం వైపు ఒక ఇంట్లో చూశాను. ఎవరో తెలియకుండా ఉండేందుకు వివరాలు మార్చి చెబుతున్నాను. ఆ అమ్మాయి వాళ్లమ్మతో మాట్లాడేది కాదు, నాతో అసలే మాట్లాడేది కాదు. ఎండాకాలం, వసారాలో చింతపండు కుప్ప పోసి ఉంది. నాన్నమ్మ గుండ్రాయితో కొట్టి గింజలు తీస్తుంటే ఆ పిల్ల పక్కనే కూర్చుని ఈనెలు లాగేది. ఇద్దరి కళ్లూ చేతుల మీదే. ముసలావిడ ఏమీ అడిగేది కాదు, ఈసారి పండు పుల్లగా ఉందనో, పిక్క పెద్దదనో అనేది. కొన్నాళ్లకు ఆ పిల్లే తలెత్తకుండా, రాత్రి మోటారుసైకిలు చప్పుడు వింటే కాళ్లు చల్లబడిపోతున్నాయని చెప్పింది. ఆవిడ చెయ్యి ఆపలేదు. "ఐతే ఈ రాత్తిరి నుంచి నా మంచం నీ పక్కనేస్తాను" అంది. అంతే. ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని కూర్చుంటే రాని మాట, పక్కపక్కన కూర్చుని పని చేస్తుంటే వస్తుంది. మీ పాపతోనూ అలాగే చేయండి: పప్పు ఏరడం, పూలు కట్టడం, మేకకు మేత వేయడం, ఏదైనా సరే.

మోటారుసైకిలు చప్పుడు అన్నాను కదా, మీ పాప నిద్రపోకపోవడానికి కారణం కూడా అలాంటిదే అయి ఉండొచ్చు. ప్రమాదం దాటిపోయినా శరీరానికి ఆ సంగతి తెలియదు. ఒక వాసన, ఒక గొంతు, తలుపు గడియ శబ్దం చాలు, గుండె దడ మొదలవుతుంది. నమ్మకమైన మనిషి పక్కన ఉన్నప్పుడు ఆ దడ తొందరగా తగ్గుతుంది. అందుకే పాపను ఒంటరి గదిలో పడుకోబెట్టకండి. అలాగని చేయి పట్టుకోవడం, దగ్గరకు తీసుకోవడం తనని అడగకుండా చేయకండి. ఏం కట్టుకోవాలి, ఎక్కడ పడుకోవాలి, ఎవరు ఇంటికి రావచ్చు, ఇలాంటి చిన్న నిర్ణయాలు తననే తీసుకోనివ్వండి. తన మాట చెల్లని అనుభవం నుంచి వచ్చిన పిల్ల తను. ఇప్పుడు చెల్లుతోందని రోజూ తెలియాలి.

దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతరకు విజయనగరం వెళ్లాలని పాప అడిగితే, నలుగురి కళ్లూ పడతాయని ఆపేయకండి. ఇలాంటి పిల్లలను పండగలకు, పెళ్లిళ్లకు దూరం పెట్టేస్తారు, అది శిక్ష వేసినట్టే ఉంటుంది. అయితే మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆ తోపులాటలో మనుషులు మీద పడుతుంటే పాప తట్టుకోలేకపోవచ్చు. జనం పలచగా ఉన్నచోట నిలబడండి. "వెళ్లిపోదాం" అనగానే కారణం అడక్కుండా బయల్దేరండి.

బడి విషయం. పాపను ఒక్కసారిగా "రేపటి నుంచి వెళ్లు" అనొద్దు, మానేయమనీ అనొద్దు. బళ్లో ఒక్క టీచర్ని ఎంచుకోండి. ఎవరితో చెప్పాలో పాపనే అడగండి. ఆ టీచరుకు కేసు వివరాలు చెప్పక్కర్లేదు. "పాప కష్టంలో ఉంది, క్లాసులో ఉండలేకపోతే స్టాఫ్ రూములో కాసేపు కూర్చోనివ్వండి, అందరి ముందు ఏమీ అడగకండి" అంటే చాలు. మొదట సగం రోజు, ఇష్టమైన సబ్జెక్టు ఉన్న పూట వెళ్లనివ్వండి. ఈ ఏడాది పరీక్ష రాయలేకపోతే ఓపెన్ స్కూల్ ఉంది, ఆకాశం విరిగి పడదు. కానీ బడి అంటే చదువొక్కటే కాదు, తోటిపిల్లలు కూడా. ఈ వయసులో అమ్మ మాటకంటే స్నేహితురాలి మాటే చెవికెక్కుతుంది. బొబ్బిలి దగ్గర ఒక అమ్మాయిని బడికి తిరిగి రప్పించింది నేను కాదు, వాళ్ల టీచర్లూ కాదు. పక్కవీధి పిల్ల రోజూ పొద్దున సైకిలేసుకుని వచ్చి గుమ్మం ముందు బెల్లు కొట్టేది. "ఇయ్యాల వస్తావేటే" అనేది, రానంటే "సరే, నోట్సు సాయంత్రం తెస్తాను" అని వెళ్లిపోయేది. ఆ పిల్ల ఏం జరిగిందని ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు ఈ అమ్మాయి చెప్పులు తొడుక్కుని బయటికొచ్చింది. మీ పాపకు అలాంటి స్నేహితురాలు ఉంటే ఆ పిల్ల తల్లితో మీరే వెళ్లి మాట్లాడండి. "వాళ్లింటికి వెళ్లకు" అని ఆవిడ అనకుండా చూడటం మీ పని.

హైదరాబాద్ వద్దని ఎందుకన్నానంటే ఇందుకే. హాస్టల్లో పడేస్తే ఈ నాన్నమ్మ, ఈ స్నేహితురాలు, ఈ టీచరు, మీరు, అందరూ ఒక్కసారే దూరమైపోతారు. కొత్తచోట ఎవరికీ చెప్పుకోలేక లోపలే దాచుకుంటుంది. పైగా తప్పు చేసినవాడు ఊళ్లో ఉండి, తను ఊరు వదిలి వెళ్లాల్సి వస్తే, తప్పు తనదే అని ఊరంతా తేల్చినట్టు అర్థమవుతుంది. పాపే కావాలని అడిగితే, లేదా అతను బెయిల్ మీద వచ్చి పక్కింట్లోనే ఉంటూ బెదిరిస్తుంటే అది వేరే విషయం. అప్పుడు కూడా హాస్టలు కంటే మీ ఇల్లు నయం, బడి కూడా దగ్గర్లోనే ఉండేలా చూడండి. బెదిరింపులు ఉంటే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి, బెయిల్ రద్దు చేయమని కోర్టును అడగవచ్చు.

రాజీ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు కానీ ఒత్తిడి గట్టిగానే ఉందని అర్థమైంది. "పొలం రాసిస్తాడు, కేసు తీసేయండి, ఊర్లో తెలిస్తే మన పరువే పోతాది" అని పెద్దమనుషులు అంటారు. పోక్సో కేసు పంచాయతీలో తేలేది కాదు. ఇలాంటి కేసును రాజీ పేరుతో కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టంగా చెప్పింది. "పద్దెనిమిది నిండకపోయినా పెళ్లి చేసేద్దాం, సర్దుకుంటాది" అనేవాళ్లకు, అది మరో నేరమని చెప్పండి. ఇంట్లో పెద్దలు రాజీకి కూర్చున్న రోజే పిల్లకు తోడు పోయినట్టు లెక్క. మీ బావగారు చెన్నైలో ఉన్నా సరే, ఫోన్లో పాపతో "కేసు నడిపిద్దాం, నేనున్నాను" అని ఆయన నోటితో చెప్పించండి. తండ్రి అన్న ఆ మాటకు చాలా బలం ఉంటుంది.

చట్టం ఇచ్చే తోడు కూడా ఉంది, మనవాళ్లు దాన్ని అడగరు. పోలీసులు కేసు సంగతి 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ సమితికి, అంటే సీడబ్ల్యూసీకి తెలియజేయాలి. 2020 పోక్సో నియమాల ప్రకారం ఆ సమితి పాపకు ఒక సపోర్ట్ పర్సన్‌ను ఇవ్వవచ్చు. విచారణ ఎంతవరకు వచ్చిందో చెప్పడం, ఆసుపత్రికీ కోర్టుకూ వెంట రావడం, కౌన్సెలింగ్ ఏర్పాటు చేయించడం ఆ వ్యక్తి పని. పిల్లలకు ఈ తోడు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అన్నట్టు ఉండకూడదని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ మనిషి పాపకు నచ్చకపోతే కారణం చెప్పకుండానే మార్చమని అడగవచ్చు. కోర్టులో పాపకు నమ్మకమున్న మనిషిని పక్కన ఉండనిస్తారు. విచారణ తలుపులు మూసి జరుగుతుంది, అతని కంట పాప పడకుండా ఏర్పాటు చేయాలి, లాయర్లు ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే అడగాలి. ఇవన్నీ పాపకు ముందుగానే చెప్పండి, కోర్టు అంటే ఉన్న టెన్షన్ సగం తగ్గుతుంది. పాప పేరు, ఫొటో, బడి పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం నేరం. మీ వాళ్లలో ఎవరైనా "న్యాయం కావాలి" అంటూ పెట్టినా వెంటనే తీయించండి.

అబ్బాయిలున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. నేను చెప్పిన 2007 అధ్యయనంలో వేధింపు ఎదుర్కొన్నామన్న పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలే. "మగోడివి, ఏడుస్తావేటి" అనే మాటతో వాళ్ల నోరు ముందే మూసేస్తాం. పోక్సో ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ వర్తిస్తుంది, తోడు కూడా అంతే అవసరం.

ఇప్పుడు చెప్పేది వెంటనే చేయాల్సింది. పొలం ఉన్న ఇల్లు కాబట్టి పురుగుమందు డబ్బాలు, గడ్డిమందు, నాన్నమ్మ మాత్రలు పాపకు అందకుండా ఈరోజే ఇంట్లోంచి తీయించేయండి. పాప "నేను లేకపోతే మీకు గొడవుండదు" లాంటి మాటలు అన్నా, చేతులు కోసుకున్నా, ఉన్నట్టుండి తన వస్తువులు పంచిపెట్టినా ఆలస్యం చేయకండి. "చనిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అలా జరగదు, అడిగినందుకు పిల్లకు ఊపిరాడుతుంది. ఒంటరిగా వదలకండి, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల సాయానికి 1098, అత్యవసరమైతే 112.

మీ అప్ప సంగతి కూడా చూడాలి. "నేను చెన్నై వెళ్లకపోతే ఇలా జరిగేది కాదు" అని రోజూ పాప ముందే ఏడుస్తోందని రాశారు. ఆవిడ బాధ న్యాయమైనదే. కానీ అది చూసి పాప తన బాధ దాచుకోవడం మొదలుపెడుతుంది, అమ్మను ఓదార్చే పని నెత్తిన వేసుకుంటుంది. మీ అప్ప ఏడవడానికి మీరుండండి, పాప కోసం మీ అప్ప ఉంటుంది. మీరు ఏడవడానికి కూడా ఒకరిని చూసుకోండి, మీ ఆయనో, డ్వాక్రా సంఘంలో నోరు జారని స్నేహితురాలో. కూలి పోతోందన్న దిగులుతో ఆవిడ తిరిగి చెన్నై వెళ్లాలనుకుంటోంది కాబట్టి ఇది కూడా చెబుతున్నాను: తిండికీ బట్టకీ ప్రయాణాలకూ తక్షణ సాయం ఇప్పించమని సమితి సిఫార్సు చేయవచ్చు, అలా చేస్తే వారంలోగా డబ్బు ఇవ్వాలి. కేసు తేలకముందే మధ్యంతర పరిహారం ఇమ్మని ప్రత్యేక కోర్టును కోరవచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు.

ఈ సోమవారం విజయనగరంలో సమితి ఆఫీసుకు వెళ్లండి. ఎఫ్ఐఆర్ కాపీ, పాప ఆధార్, బడి గుర్తింపు కార్డు జిరాక్సులు పట్టుకెళ్లండి. సపోర్ట్ పర్సన్ కావాలని ఒక కాగితం, తక్షణ సాయం కావాలని ఇంకో కాగితం రాసివ్వండి, మీ దగ్గరుండే కాపీ మీద ముద్ర వేయించుకోండి. వెళ్లే ముందు ఎక్కడికి, ఎందుకు వెళ్తున్నారో పాపకు చెప్పండి. తనూ వస్తానంటే తీసుకెళ్లండి, రానంటే సాయంత్రం వచ్చాక ఏం మాట్లాడారో చెప్పండి.